నాలుగో వరస కుట్టు

పొద్దున ఏడింటికి మామగారు కొట్టుకి బయల్దేరుతుంటే కోడలు ఎప్పట్లాగే డబ్బా చేతికిచ్చింది. ఆయన దర్జీ. కొడుకు బస్సు తోలతాడు, తెల్లారకముందే పోతాడు. అత్తగారు పోయి రెండేళ్లు. ఇంట్లో ముగ్గురు, మూడు వేళల్లో తింటారు. దీన్నీ కాపురమనే అంటారు!

"నిన్నటి కూర ఎలా ఉంది మామయ్యా?"

"బ్రహ్మాండం. డబ్బా ఊడ్చేశా."

నిజమే, డబ్బా ఖాళీగానే వచ్చేది. రాత్రి తినమంటే, "మధ్యాహ్నం తిన్నదే ఇంకా గొంతుదాకా ఉందమ్మా" అనేవాడు. చొక్కా ఒంటికి అతికినట్టుండేది. నమ్మక ఏం చేస్తుంది?

ఆ రోజు ఆయన కళ్లజోడు మర్చిపోయాడు. మధ్యాహ్నం ఆమే పట్టుకెళ్లింది. కొట్టు మెట్ల మీద వీధికుక్క, పీపాలా బలిసి ఉంది. దాని ముందు కాగితంలో తన వంట.

"ఎన్నాళ్ల నుంచి ఇది?"

కత్తెర ఆగిపోయింది. "అదీ... అమ్మా..."

"ఐదింటికి లేచి వండుతున్నానే! నచ్చకపోతే మొహం మీదే చెప్పాల్సింది. మీ అమ్మాయి ఫోన్ చేసి, 'నాన్న గొంతు నీరసంగా ఉంది, పెడుతున్నావా లేదా వదినా' అంటే, ఊడ్చి తింటున్నారని ఒట్టేసి చెబుతున్నా. కుక్క తింటోందని చెప్పనా?"

"నీ వంటకి వంక లేదు తల్లీ. ఆకలే లేదు. రెండు ముద్దలకే కడుపు ఉబ్బిపోతుంది. మీ అత్తయ్య పోయిన దిగులేమో అనుకున్నా. తినలేనంటే మాట నీ మీదికొస్తుందని..."

ఆసుపత్రికి బయల్దేరదీద్దామని కోపంలోనే ఆమె కొక్కేనికున్న ఆయన చొక్కా లాగింది. అది తిరగబడి లోపలి వైపు బయటికొచ్చింది. పక్క కుట్లు నాలుగు వరసలు, ఒకదాని లోపల ఒకటి. మిగిలిన గుడ్డ లోపలే మడతలు పడి ఉంది.

"ఇదేంటి మామయ్యా?"

"వదులైనప్పుడల్లా ఒక కుట్టు వేసుకున్నా."

వీధిలో అందరి కొలతలూ తీసే మనిషి. ఆయన కొలత తీసినవాళ్లే లేరు. కోడలు టేపు ఆయన ఛాతీకి చుట్టింది. చేతికి పక్కటెముకలు తగిలాయి. టేపు అలాగే పట్టుకుని ఏడ్చేసింది.

ఆసుపత్రిలో డాక్టరమ్మ శ్వాస పరీక్షకని సంచిలోకి ఊదించింది, గొట్టం వేసి కడుపు చూసింది. వేరే భయమేమీ లేదంది.

"దిగులుందేమో, దాన్ని నేను తీసిపారేయను. కానీ కడుపులో బ్యాక్టీరియా ఉంది. ఆకలేస్తోందని మెదడుకి కబురు పంపే హార్మోను కడుపులోనే ఎక్కువగా తయారవుతుంది. ఈ బ్యాక్టీరియా కడుపు పొరని వాచేలా చేస్తే కొందరిలో ఆ కబురు తగ్గుతుంది. తిండీ తగ్గుతుంది, ఒళ్లూ తగ్గుతుంది. మందులేసి దాన్ని పోగొడితే కొందరికి ఆకలి తిరిగొస్తుంది. చూద్దాం. ఇంత తగ్గేదాకా ఇంట్లో ఎవరూ చూడలేదా?"

"రోజూ చూశామండీ," అంది కోడలు. "చొక్కా మీంచి."

రెండు వారాల మాత్రలు. నోరంతా చేదని ఆయన గొణుక్కున్నాడు, అయినా ఒక్కటీ మానలేదు. కోడలు రోజూ మధ్యాహ్నం తన డబ్బా కూడా తెచ్చుకుని కొట్లో బల్ల మీద కూర్చునేది. కుక్క గుమ్మంలో కూర్చుని ఇద్దరినీ కొరకొరా చూసేది.

నెలన్నర గడిచాక ఒకరోజు ఆయన డబ్బా అడుగు గీకి, సిగ్గుపడుతూ అడిగాడు.

"నీ దాంట్లో ఇంకేమైనా ఉందా తల్లీ?"

ఆమె మొత్తం ఆయన డబ్బాలోకి వంచేసింది. తర్వాత కొక్కేనికున్న ఆయన చొక్కా తిరగేసి, బ్లేడుతో నాలుగో వరస విప్పడం మొదలుపెట్టింది.

"ఈ గుడ్డ కత్తిరించకుండా ఎందుకు ఉంచారు మామయ్యా?"

"మా పనిలో కత్తిరించం. మనిషి మళ్లీ ఒళ్లు చేస్తాడని వదిలి ఉంచుతాం."

దారం ఆమెకి కనపడలేదు. కళ్లలో నీళ్లు.

"ఇటివ్వు," అన్నాడాయన నోట్లో ముద్దతో. "గుడ్డ కోసేస్తావు."