అప్పలనర్సమ్మ కంటె

మంగళవారం... రాహుకాలం... మధ్యాహ్నం మూడు గంటలు!

వాయవ్య దిక్కు నుంచి వేసవి గాలివాన... కాలబైశాఖీ మేఘం ఖరగ్‌పూర్ మీదికి కమ్ముకొస్తోంది. గోల్‌బజార్‌లో చేపల బుట్టల మీద గోనెపట్టాలు పడ్డాయి. రిక్షాలు చూరుల కిందికి దూరాయి. పట్టపగలే దీపాలు వెలిగాయి. రైలు యార్డు అవతల ఎక్కడో ఉరుము... భూగర్భంలో బండరాళ్లు దొర్లినట్టు!

ఆ ఘోరమైన వేళ మీనాకుమారి ఒక పాత మేడ మెట్లు ఎక్కుతోంది. ఆమె చేతిలోని టిఫిన్ డబ్బాలో అన్నం లేదు. కూతురు ప్రణతి చేతిరుమాలులో చుట్టిన కంటె ఉంది. ముందువైపు రెండు కెంపులు పొదిగిన బరువైన బంగారు కంటె. అది అత్తగారు అప్పలనర్సమ్మది. ట్రాఫిక్ కాలనీలో ఏటేటా జరిగే మాతా పూజలో అప్పలనర్సమ్మ నలభై ఏళ్లు అమ్మవారి ఘటం నెత్తికెత్తుకుంది. ఎత్తిన ప్రతిసారీ ఆ కంటె ఆమె మెడలో ఉండేది. నిరుడు కన్నుమూసే ముందు దాన్ని కోడలి చేతిలో పెట్టింది.

ఈమధ్య కాలనీలో వరసగా మూడు క్వార్టర్ల తాళాలు పగిలాయి. మీనాకుమారి భర్త గిరిబాబు గూడ్సు బండి గార్డు. వారంలో నాలుగు రోజులు లైను మీదే ఉంటాడు. కంటెకు ఇన్సూరెన్సు చేయిస్తే మంచిదేమోనని ఆమె ఏజెంటు విల్‌ఫ్రెడ్‌ను అడిగింది. ముందు విలువ కట్టించి సర్టిఫికెట్టు తెమ్మన్నాడు ఆయన. ఆ మర్నాడే... సరిగ్గా ఆ మర్నాడే... తలుపు కింది నుంచి ఒక కాగితం లోపలికి జారింది! ‘నగలకు విలువ కట్టబడును. బ్రహ్మానందం, గోల్‌బజార్.’ ఫోను చేస్తే మంగళవారం మూడింటికే రమ్మన్నాడు.

బంగారాన్ని రాహుకాలంలోనే ఎందుకు తెమ్మన్నట్టు? అప్పుడే మనసులో ముల్లు గుచ్చుకుంది. కానీ వర్క్‌షాపు స్టోర్సులో ఆమెకు సెలవు దొరికింది ఆ పూటే.

గదిలో కర్పూరం వాసన... దాని అడుగున ఇంకేదో కుళ్లిన వాసన. బల్ల వెనక బ్రహ్మానందం కూర్చుని ఉన్నాడు. నుదుట రక్తం రంగు కుంకుమ. రెప్ప వేయని కళ్లు. కంటె చూడగానే ఆ కళ్లు నిప్పుకణికల్లా రాజుకున్నాయి!

“దీనిని ధరించినవారు ఎవరమ్మా? ఏ తిథినాడు కాలం చేశారు?”

“మా అత్త. అప్పలనర్సమ్మ. వెల కట్టడానికి తిథి ఏటికండీ?”

“కంపెనీ వారి నియమం. తరవాత ఇది ఎవరికి చెందుతుంది? పేరు, జన్మనక్షత్రం చెప్పండి.”

“నా కూతురు ప్రణతికి. భరణి...” అనేసి నాలుక కరుచుకుంది మీనాకుమారి.

ఇరవై ఏళ్లుగా స్టోర్సులో ప్రతి ఇనుపముక్కనీ తూచి దించుకునే మనిషి ఆమె. బల్ల మీది త్రాసు చూసింది. దాని పళ్లేల్లో సాలెగూడు! గీటురాయి ఎక్కడా కనబడలేదు.

“తూకం ఎయ్యరేటండీ?”

“ఎందుకు? శుక్రవారం దాకా నా దగ్గర వదిలి వెళ్లండి.”

“వదలను.” ఆమె కంటె లాక్కుని డబ్బాలో పడేసి మూత బిగించింది.

బ్రహ్మానందం నవ్వాడు. కిటికీ అంచున, పట్టపగలు, ఒక గుడ్లగూబ గొంతు చించుకుని అరిచింది! మీనాకుమారి గబగబా మెట్లు దిగింది. ఇంటికొచ్చి డబ్బా తెరిస్తే కంటె ఉంది.

ప్రణతి చేతిరుమాలు లేదు!

ఆ సాయంత్రం దీపం పెట్టే వేళకు ప్రణతి గుమ్మంలో నిలువునా కూలిపోయింది. కాలేజీ నుంచి నవ్వుతూ వచ్చిన పిల్ల... కనుగుడ్లు తెల్లగా తిరగబడ్డాయి. జుట్టు విరబోసుకుని నేలను గోళ్లతో రక్కుతూ, ముసలిగొంతుతో గర్జించింది.

“నేను... అప్పలనర్సమ్మను! నా కంటెను బ్రహ్మానందం గారికి దానమిమ్ము! పత్రం మీద సంతకం చేసి ఇమ్ము! అమావాస్యనాటి సూర్యాస్తమయం దాటిందా... ఈ బాలిక ప్రాణం హరిస్తాను!”

డాక్టరు సూది వేస్తే గంటసేపు సొమ్మసిల్లింది. లేచి మళ్లీ అదే గర్జన! బుధవారం, గురువారం మెతుకు మింగలేదు. చెంపలు లోపలికి పీక్కుపోయాయి. పక్క క్వార్టరులో ఉండే సింహాచలమ్మ కళ్లనీళ్లు పెట్టుకుంది. “ఇచ్చీయే మీనా! మీ అత్తే అడుగుతుంటే నీకేటే బంగారం? గుంట బతికితే సాలు!”

ఇచ్చేద్దామనే అనుకుంది మీనాకుమారి. ఏడుస్తూ కూతురు కాళ్ల దగ్గర కూర్చుంది. “అత్తా, ఇచ్చీమంటే ఇచ్చెత్తాను. ఏటి తప్పు సేసినాను, సెప్పు?”

“ఏమిటి? నన్నే ప్రశ్నిస్తావా, కోడలా!”

మీనాకుమారి ఏడుపు టక్కున ఆగిపోయింది.

ఏమిటి? కోడలా? ఇరవై రెండేళ్ల కాపురంలో అత్త తనను ఒక్కరోజైనా ‘కోడలా’ అని పిలవలేదు. పొగిడినా తిట్టినా ‘ఓలమ్మీ’ అనేది. ఆవిడ నోట ‘ఏటి’ తప్ప ‘ఏమిటి’ రాలేదు. పైగా దెయ్యానికి సంతకం ఎందుకు? ఆ బ్రహ్మానందానికి ‘గారు’ ఎందుకు?

వెంటనే విల్‌ఫ్రెడ్‌కు ఫోను చేసింది.

“నక్షత్రమా?” విల్‌ఫ్రెడ్ ఆశ్చర్యపోయాడు. “మా ఫారంలో అలాంటిది లేదు మీనాజీ! తూకం, గోల్డ్ ప్యూరిటీ, ఫోటో... అంతే. అతని పేరు మా లిస్టులోనే లేదు. కంటె ఇచ్చేశారా?”

“నేదు.”

“ఇవ్వకండి, ప్లీజ్!”

ఇవ్వకపోతే పిల్ల దక్కదు. ఇచ్చినా దక్కుతుందని నమ్మకం ఏమిటి? తన అత్త పేరు పెట్టుకుని పిల్ల ఒంట్లో కూర్చున్నది వేరే ఏదో! దాన్ని పంపినవాడు గోల్‌బజార్ మేడ మీద ఉన్నాడు. ఆ రాత్రంతా మీనాకుమారి కూతురి చేయి పట్టుకునే కూర్చుంది. తెల్లారేసరికి ఆమె కళ్లలో నీళ్లు లేవు.

శుక్రవారం... చైత్ర అమావాస్య... సాయంత్రం నాలుగు గంటలు!

మళ్లీ మేఘం. మళ్లీ చీకటి. ప్రణతి ఊపిరి దారప్పోగంత సన్నగా ఆడుతోంది. పిల్లను సింహాచలమ్మకు అప్పగించి, మీనాకుమారి తలస్నానం చేసి, తడిజుట్టుతోనే కంటె తన మెడకు పెట్టుకుని కొంగు కప్పుకుంది. ఆ మేడ ఎక్కేసరికి లోపలి గది తలుపు తెరిచే ఉంది.

ఎర్రని ముగ్గు... దాని నడుమ నల్లబారిన కపాలం! కపాలం నోట్లో ప్రణతి చేతిరుమాలు! ఎదురుగా హోమగుండం ముందు బ్రహ్మానందం, నల్లటి పంచె కట్టుకుని, జ్వాలల వెలుగులో కాలభూతంలా కూర్చున్నాడు.

“వచ్చావా! నలభై ఏళ్లు శక్తిని మోసిన కంటె అది! ఇష్టపూర్వకంగా ఇస్తేనే నాకు వశమవుతుంది. అంతటి మహాశక్తి నా చెప్పుచేతల్లో...” వాడు గబుక్కున ఆగి పత్రం ముందుకు తోశాడు. “సంతకం చెయ్యి!”

“సేస్తాను,” అంది మీనాకుమారి. “మా అత్తే అడిగింది గదా? అయితే నా ఎదట ఆవిడ్ని పిలవండి. ఆవిడ ఇమ్మంటే ఇచ్చెత్తాను. నేకపోతే మీకు పిలవడం సేతగాదనుకుంటాను.”

బ్రహ్మానందం పళ్లు పటపట కొరికాడు. “నాకా చేతగానిది! ముప్పై మూడు శ్మశానాలు దాటి వచ్చినవాణ్ణి! చూడు!”

పిడికెడు గుగ్గిలం గుండంలో విసిరాడు. జ్వాల కప్పును తాకింది. కపాలం మీద చేయి పెట్టి మూడుసార్లు అరిచాడు. “అప్పలనర్సమ్మా! అప్పలనర్సమ్మా!! అప్పలనర్సమ్మా!!!”

నిశ్శబ్దం...

గాలి స్తంభించింది. జ్వాల కదలడం మానేసింది. అప్పుడు... పసుపు వాసన... పచ్చి వేపాకు వాసన... ఎక్కడి నుంచో డప్పులు! ఒకటి కాదు, పది కాదు... వీధి వీధంతా కదిలొస్తున్నట్టు డప్పులు! మీనాకుమారి మెడలో కంటె వేడెక్కింది. నెత్తి మీద ఎవరో నిండు ఘటం దించినట్టు బరువు. పాదాలు వాటంతటవే నేలను తాటించాయి. తన నోరు తెరుచుకోవడం ఆమెకు తెలుస్తూనే ఉంది. గొంతు మాత్రం తనది కాదు!

“ఎవుడ్రా... నన్ను పిలిసినోడు?”

బ్రహ్మానందం మొహం పాలిపోయింది. “ఆ... ఆగు! నా ఆజ్ఞ!”

“నీ ఆజ్ఞేటిరా! నా పేరు సెప్పి నా గుంట నోట అబద్ధాలాడించినావా? నేను ఒక్కర్తినీ వొచ్చినాననుకున్నావేటి? నలబైయేళ్లు నెత్తిన మోసినానురా అమ్మని... తోడు తెచ్చినాను!”

ఫెళ్ళున పిడుగు! మేడ పునాదులు అదిరాయి. కపాలం రెండుగా చీలింది. వాడి పంపున పిల్లను పట్టిన పిశాచం నల్లని పొగై కిటికీలోంచి దూసుకొచ్చింది. మూడు రోజులుగా కోరిన ప్రాణం దక్కని ఆకలి దానిది. పంపినవాణ్ణే చుట్టేసింది!

“తల్లీ! క్షమించు! తల్లీ... ఆ... ఆఆ...!”

గుండంలోని మంట లేచి వాణ్ణి కౌగిలించుకుంది. ఆ ఆర్తనాదం ఉరుముల్లో కలిసిపోయింది. మీనాకుమారికి స్పృహ వచ్చేసరికి వాన జల్లు కిటికీలోంచి కొడుతోంది. ముగ్గు మధ్య మనిషెత్తు బూడిద గీత. పక్కనే, ఒక్క దారమైనా కమలని చేతిరుమాలు!

ఒళ్లో ఫోను మోగింది.

“మీనా!” సింహాచలమ్మ ఏడుస్తూ నవ్వుతోంది. “గుంట లెగిసి కూకున్నాది! ఆకలంతంది! బేగి రాయే!”

మేడ మీద పిడుగు పడిందని గోల్‌బజార్ అంతా చెప్పుకుంది. లైను దిగి వచ్చిన గిరిబాబు అంతా విని, కూతురి తల నిమిరాడు.

వారం తిరక్కుండానే మీనాకుమారి మళ్లీ ఇన్సూరెన్సు మాట ఎత్తితే సింహాచలమ్మ బుగ్గలు నొక్కుకుంది. “సాక్షాత్తు అమ్మోరే కాస్తుంటే ఇంకా ఇన్సూరెన్సు ఏటే?”

“తాళాలు బద్దలుకొట్టే దొంగెదవల కోసం కూడా అమ్మోర్నే లేపుతామా పిన్నీ?” అంది మీనాకుమారి. “ఆ మాత్రం పని కంపెనీ సూసుకోవాల.”

ఈసారి విల్‌ఫ్రెడ్ స్వయంగా వెంటబెట్టుకుని వెళ్లాడు. కంపెనీ జాబితాలో ఉన్న బెంగాలీ పెద్దాయన దుకాణం అది. పట్టపగలు, పదకొండు గంటలు, ఎండ కాస్తోంది. పెద్దాయన కంటెను భూతద్దంతో చూసి, గీటురాయి మీద గీసి, కరెంటు కాటా మీద పెట్టాడు. అంకెలు నిలవడం లేదు. పైకి వెళ్తాయి, కిందికి వస్తాయి, మళ్లీ పైకి... పెద్దాయన కాటాను తుడిచాడు. ఫ్యాను ఆపాడు. అయినా అంతే. మొహం చిట్లించి మీనాకుమారి వంక అనుమానంగా చూశాడు.

ఆమె బల్ల మీదికి వంగి, ఎవరికీ వినబడనంత మెల్లగా అంది.

“అత్తా... కాసేపు ఊరుకో. ఈ దాదా మంచోడే.”

అంకెలు నిలిచాయి. విల్‌ఫ్రెడ్ కళ్లజోడు సర్దుకుని, తూకం ఫారంలో రాసుకున్నాడు.