కుళాయి నీళ్ళ వాన

యమున ఇల్లు కారుతోంది. ఆ మిద్దె బాగుచేస్తానన్న కాంట్రాక్టరు మాత్రం కారులో తిరుగుతున్నాడు. ఫోన్ చేస్తే "రేపొస్తా" అంటాడు. ఆ రేపు రాకుండానే రెండు వానాకాలాలు వచ్చిపోయాయి. మదనపల్లెలో ఆమె కుట్టే పెళ్ళి బ్లౌజులకు ఒకవైపు మగ్గం వర్కు, మరోవైపు మరకల వర్కు! ఇంకొక్కటి తడిస్తే టైలరింగ్ షాపు మూసుకోవాల్సిందే.

అందుకే ఈసారి హరీష్ అనే కాంట్రాక్టరుకు పని ఒప్పజెప్పేముందు, పుంగనూరులో అతను వేసిన మిద్దెను చూడ్డానికి అతన్ని వెంటబెట్టుకుని తనే వెళ్ళింది.

"కారిందమ్మా," అంది ఆ ఇంటావిడ సాజిదా, దాపరికం లేకుండా.

పక్కనున్న హరీష్ మొహం సున్నం కొట్టినట్టయింది.

"ఫోన్ చేస్తే వాన్లోనే వచ్చినాడు. తడుసుకుంటా మిద్దెక్కి సరిచేసినాడు. మళ్ళా సుక్క రాల్లేదు."

కారదని చెప్పేవాడికన్నా, కారితే వచ్చేవాడు నయమనుకుంది యమున.

"నేను పిలిచినా వస్తారా?"

"యాడున్నా వస్తాను మేడం."

ఇరవై రోజుల పని. పైన మిద్దె పగుళ్ళు మూసుకుంటుంటే, కింద యమున మనసు తెరుచుకుంటోంది. సీలింగు గట్టిపడేకొద్దీ ఫీలింగు మెత్తబడుతోంది! టీ గ్లాసులు పైకెక్కేవి, కబుర్లు కిందికి దిగేవి.

"మీ మెషిన్ సప్పుడు ఆగితే మా మేస్త్రీలూ ఆగిపోతాండారు మేడం."

"మేస్త్రీలా, మీరా?"

చివర్లో మిద్దెమీద మూడు రోజులు నీళ్ళు నిలగట్టి చూశారు. చుక్క దిగలేదు. పని బాగా చేసినవాడికి మళ్ళీ వచ్చే పనేముంటుంది? హరీష్ కుప్పంలో కొత్త ఇంటి పనికి వెళ్ళిపోయాడు.

నెల ఓర్చుకుంది యమున. ఒకరోజు పొద్దున్నే ఫోన్ చేసింది. అవతల హోరున వాన. ఇవతల ఎండ. అయినా సాకు దొరికింది.

"ఈడా వానే! మిద్దె కారతాండాది!"

"వస్తాండాను."

గబగబా కుళాయి తిప్పి, బకెట్ నింపి, హాలు మధ్యలో పెట్టింది.

మధ్యాహ్నానికి బైకు ఆగింది. హరీష్ చొక్కా ఒంటిమీదే సగం ఆరిపోయింది. సీలింగు చూశాడు. బకెట్లో వేలు ముంచాడు.

"మిద్దెలోంచి దిగిన నీళ్ళు ఇంత తేటగా ఉండవు. ఇవి కుళాయివి."

యమున గడపవైపు చూసింది. గడప ఏమీ సాయం చేయలేదు.

"పుంగనూరు దాటినాక రోడ్డంతా పొడిగానే ఉండాది," అన్నాడు. "అప్పుడే తెలిసిపాయ."

"తెలిసీ యాల తిరిగిపోలేదు?"

"పిలిస్తే వస్తానన్నాను. కారితేనే వస్తానన్లేదు గదా." గొంతు తగ్గించాడు. "నెల్రోజులుగా నేనూ సాకే ఎతుకుతాండా యమునా. నీకు ముందు దొరికింది."

సిగ్గుతో ఆమె బకెట్ ఎత్తి పెరటివైపు నడిచింది. వరండాలో పేపరు అడ్డం పెట్టుకుని అంతా విన్న నాన్న గోవిందప్ప, పేపరు దించకుండానే అన్నాడు.

"ఆ నీళ్ళు పారబోయొద్దమ్మా. అల్లుడు కాళ్ళు కడుక్కుంటాడు."