సొరుగులో ఉండిపోయిన ఫారం

"సంతకం లేదండీ," అన్నాడు ఓటర్ల నమోదు గుమాస్తా, ఫారం వెనక్కి తోస్తూ.

నర్సు నాలుక్కరుచుకుంది. ఓటు కొత్త ఊరికి మార్చుకోవాలని ఆమె ఆ కౌంటర్‌కి రావడం మూడోసారి. మొదటిసారి ఫొటో మరిచింది. రెండోసారి పుట్టిన తేదీ రాయలేదు.

ఊళ్లో అందరూ ఆమెను సిస్టర్ అనేవారు. గుమాస్తా మాత్రం పొరపాటున కూడా ఆ మాట అనలేదు.

నాలుగోసారి అన్నీ సరిగ్గా ఉన్నాయి. సాయంత్రమే బస్సని, కొత్త ఆస్పత్రిలో మర్నాడే చేరాలని చెప్పి వెళ్లిపోయింది. ఆ ఫారం పైకి పంపితే అతని జాబితాలోంచి ఆమె పేరు పోతుంది. రెండ్రోజులాగి పంపుదామని సొరుగులో పెట్టాడు.

మర్నాడే పార్లమెంటు రద్దయింది. ఏ పక్షానికీ బలం చాలక ఆర్నెల్లుగా ఒక్క బిల్లూ కదలడం లేదు. విసిగిపోయిన ప్రధాని ఉన్నట్టుండి ఎన్నికలకు వెళ్లారు. ఓటర్ల జాబితాల్లో మార్పులు ఎక్కడివక్కడ ఆగిపోయాయి. ఆమె ఓటు ఇక్కడే చిక్కుకుపోయింది.

పోలింగ్ రోజు ఒకటే వాన. ఆరు గంటలు బస్సులో కూర్చుని, తడిసిన చెప్పులతో వచ్చి ఓటేసింది. బయటికొస్తుంటే వరండాలో గుమాస్తా ఎదురుపడ్డాడు. ఫారం సొరుగులో ఆపింది తనేనని, ఆమె పేరు కొట్టేయడానికి చెయ్యి రాలేదని, పొద్దున్నే ఆఫీసరుకి అంతా రాసిచ్చానని ఒక్క గుక్కలో చెప్పేశాడు.



"నాకు సెలవు దొరికింది కాబట్టి వచ్చాను. దొరకనివాళ్లయితే? వాళ్ల ఓటు మీ సొరుగులోనే పోయేది."

"తప్పేనండీ."

"రోజూ నలభైమందికి మందులిస్తాను. ఒక్క డోసు మర్చిపోను. అలాంటిదాన్ని ఒక్క ఫారానికి నాలుగుసార్లు తిరిగితే మీకేమీ అనిపించలేదా?"



ఆమె బెంచీ మీద కూర్చుని, బ్యాగులోంచి కొత్త ఫారం తీసి నింపింది. ఫొటో, తేదీ, సంతకం, అన్నీ ఒకేసారి.

"ఇవాళే ఆఫీసులో ఇచ్చెయ్. ఈసారి ఆపావో, ఊరుకోను."

'మీరు' కాస్తా 'నువ్వు' అయ్యేసరికి అతను తలెత్తాడు.

"అడ్రసు కిందుంది, చదువుకో. ఆదివారం మా నాన్న ఇంట్లోనే ఉంటారు."

"ఈలోపు నా ఉద్యోగం ఊడితే, ఆయనకేం చెప్పను?"

గొడుగు విప్పుతూ అంది. "నాకు చెప్పిందే చెప్పు."