నాన్నా అని పిలిస్తే

దీవిలోని పాత జైలు తలుపులు మూసే వేళకి గానీ దియెప్‌కి వీలు చిక్కలేదు. పగలంతా చూడవచ్చినవాళ్ళు గదుల ముందు ఫొటోలు దిగుతూనే ఉన్నారు. ఒకప్పుడు మనుషుల్ని గొలుసులేసి పెట్టిన ఆ దీవిలో ఇప్పుడు ఐస్‌క్రీములు కూడా అమ్ముతున్నారు.

దియెప్ వచ్చింది తండ్రిని తీసుకెళ్ళడానికి. ఆమె పుట్టకముందే ఆయన్ని పట్టుకొచ్చి ఇక్కడ పడేశారు. ఎముకలేవీ దొరకలేదు. అలాంటప్పుడు పోయినచోట పిడికెడు మట్టి తీసుకుని, ఆత్మని పిలిచి ఇంటికి తోడుకురావడం వియత్నాంలో ఆనవాయితీ. అవతలి ఒడ్డున ముసలి తల్లి ఇవాళో రేపో అన్నట్టుంది. ఆయన గడప దాటి లోపలికి వచ్చేదాకా ప్రాణం వదలనని మొండికేసింది.

కాపలా ఉండే క్వీ బాబాయి ధూపం వెలిగించి ఇచ్చాడు.

"పేరు పెట్టి పిలవమ్మా," అన్నాడు మెల్లగా. "ఇక్కడ పోయినవాళ్ళు ఒకరా, ఇద్దరా?"

దియెప్‌కి మనసొప్పలేదు. కన్నతండ్రి పేరు నోటితో పలకడమా? తండ్రి పేరు మామూలు మాటల్లో వచ్చినా మార్చి పలికే మనుషులు వాళ్ళు.

"నాన్నా," అంది గది గుమ్మంలో మోకరిల్లి. "ఇంటికి పోదాం రా." పిడికెడు మట్టి తీసి గుడ్డలో మూట కట్టుకుంది.

వసారాలో చీకటి పడుతోంది. సున్నం వాసన, తడిసిన ఇనుము వాసన. ఎక్కడో గొలుసు కదిలింది... పక్క గదిలో ఇంకొకటి... ఆపైన వసారా పొడుగునా. క్వీ బాబాయి ముఖం పాలిపోయింది. వెనక్కి చూడకుండా పొమ్మన్నాడు.

మర్నాడు పడవలో తన పక్కచోటు తండ్రి కోసం ఖాళీగా ఉంచుకుంది. నది సముద్రంలో కలిసే మొగ దగ్గర "నాన్నా, నీళ్ళు దాటుతున్నాం" అని చెబుతూ పూలు వేసింది. దారి తప్పిపోకుండా చెప్పాలి మరి. పడవలో సగం మంది కూడా లేరు. అయినా అది అంచుదాకా మునిగి, ఈడ్చుకుంటూ నడిచింది. సరంగు ఇంజనుని తిడుతూనే ఉన్నాడు. దియెప్‌కి భయం పట్టుకుంది.

ఇల్లు చేరేసరికి దీపాలు పెట్టారు. మట్టి మూటని పెద్దల పీట మీద ఉంచి, అన్నం, చేపల పులుసు వడ్డించింది. తల్లి తలెత్తి గుమ్మంకేసి చూసింది. ముఖం వెలిగింది. అంతలోనే ఆ వెలుగు పోయింది. మంచం మీద ఎవరికో చోటిస్తున్నట్టు కాళ్ళు ముడుచుకుంది.

"ఎవరే వీళ్ళంతా?"

"నాన్నేనమ్మా..."

"వీళ్ళలో ఆయన లేడే. ఏమని పిలిచావు?"

దియెప్ చెప్పింది.

"పిచ్చిదానా. ఆయన్ని పట్టుకుపోయిన రోజుకి, నువ్వు కడుపులో పడ్డావని నేనింకా చెప్పనేలేదు. నాన్నా అంటే తననేనని ఆయనకెలా తెలుస్తుంది?"

నాన్నా అన్న పిలుపుకి తక్కినవాళ్ళంతా లేచి వచ్చేశాక, ఆ దీవిలో ఆయనొక్కడే మిగిలాడు. దియెప్‌కి ఏడుపు తన్నుకొచ్చింది. రేపే వెళ్ళి పేరు పెట్టి పిలుస్తానంది. అప్పటిదాకా ఆగమని తల్లి చెయ్యి పట్టుకుంది. చెయ్యి చల్లబడిపోయింది.

ఎవరో మెత్తగా ఆమె తల నిమిరారు.

"ఏడవకు తల్లీ," అంది ఒక మగ గొంతు.

గుమ్మం దగ్గర ఇంకో గొంతు అదే మాట అంది. తర్వాత పెరట్లోంచి మరొకటి... ఆఖరిది మంచం మీది నుంచి, తల్లి నోట వచ్చింది. అదీ మగ గొంతే.