ముప్ఫై దాకా లెక్కపెట్టే ఇల్లు

రైలు గేటు దాటాక ఎడమవైపు చివరి ఇల్లు. నీలం తలుపు. ఆ ఇంటి పేరెత్తితే మా అంబులెన్సు స్టేషన్‌లో తలపండిన డ్రైవర్లు కూడా మాట మార్చేస్తారు. నాలుగేళ్ళుగా దీపం వెలగదు. కానీ నడిరాత్రి దాటాక లోపల్నించి లెక్క వినిపిస్తుందంటారు... ఒకటి, రెండు, మూడు... ముప్ఫై దాకా. కాసేపు నిశ్శబ్దం. మళ్ళీ ఒకటి.

బయటివాళ్ళు వింటే ఏ పిల్లాడో అంకెలు వల్లిస్తున్నాడనుకుంటారు. మావాళ్ళకి అది వేరే లెక్క. గుండె ఆగిన మనిషికి ముప్ఫైసార్లు ఛాతీ నొక్కి, రెండుసార్లు ఊపిరి ఊదుతారు. అందుకే వాళ్ళకంత వణుకు.

నేను స్టేషన్‌లో గుమస్తాని. లైసెన్సు కాగితాలు చూస్తాను. రాత్రిపూట ఆ దారిన పోయే ధైర్యం నాకెక్కడిది? డ్రైవర్ బాబాయ్ చెప్పిందే చెబుతున్నాను.

ఆ ఇంట్లో ఒకప్పుడు అక్కాతమ్ముళ్ళు ఉండేవాళ్ళు. అక్క మా పారామెడిక్కే. మందుల పెట్టె ఇంట్లోనే ఉంచుకుని, ఏ వేళ పిలిచినా పరుగెత్తే మనిషి. ఒకసారి ఆమె లైసెన్సు గడువు దాటిపోయింది. రెన్యూవల్ కాగితం నెల ముందే ఇచ్చింది, కానీ దాని మీద ముద్ర పడలేదు. రూలు రూలే కదా... పెట్టె స్టేషన్‌లో అప్పగించి ఇంట్లో కూర్చుంది.

తొమ్మిదో రోజు తమ్ముణ్ణి కందిరీగ కుట్టింది. గొంతు వాచిపోయి ఊపిరాడలేదు. ఒక్క ఇంజెక్షన్ పడితే బతికేవాడు. ఇంజెక్షన్ పెట్టెలో ఉంది, పెట్టె స్టేషన్‌లో ఉంది. బండి వచ్చేసరికి ఇరవై రెండు నిమిషాలు. అంతసేపూ ఆమె ఒక్కతే నొక్కుతూ ఉంది. పట్టి లాగితే గాని వదల్లేదట.

తర్వాత ఎటో వెళ్ళిపోయిందన్నారు. చచ్చిపోయిందని కూడా అన్నారు.

మొన్నొక రాత్రి — బాబాయీ, కొత్తగా పారామెడిక్ లైసెన్సొచ్చిన అమ్మాయీ ఖాళీ బండిలో తిరిగొస్తున్నారు. గేటు పడింది. ఇంజిన్ ఆపారు.

ఒకటి... రెండు... మూడు...

"బాబాయ్, విన్నావా?"

"లేదు. నువ్వూ వినలేదు," అన్నాడు బాబాయ్, గబగబా అద్దం ఎక్కిస్తూ.

"ఎవరో ఛాతీ నొక్కుతున్నారు బాబాయ్... ఒక్కరే!"

అమ్మాయి దిగిపోయింది. బాబాయ్‌కి పైప్రాణాలు పైనే పోయాయి. అయినా పిల్లని ఒంటరిగా వదల్లేక టార్చి పట్టుకుని వెనకే నడిచాడు.

తలుపుకి గడియ లేదు. తోస్తే తెరుచుకుంది...

నేల మీద ఒక ఆడమనిషి. విరబోసుకున్న జుట్టు. ముందుకీ వెనక్కీ ఊగుతోంది. ఆమె చేతుల కింద ఎవరో పడి ఉన్నారు — తల ఉంది, ఛాతీ ఉంది, నడుం కింద ఏమీ లేదు!

బాబాయ్ చేతిలో టార్చి జారిపోయింది.

అమ్మాయే తీసి మళ్ళీ వేసింది. అది రబ్బరు బొమ్మ. మావాళ్ళకి శిక్షణలో ఇచ్చేదే. ఆ ఆడమనిషి... అక్క.

లైసెన్సు మళ్ళీ తెచ్చుకోవాలని రెండుసార్లు పరీక్షకి కూర్చుందట. రెండుసార్లూ పోయింది. పని రాక కాదు. పరీక్ష పెట్టేవాళ్ళు "ఇక ఆపండి" అన్నా ఆపలేక. తెల్లారితే మూడోసారి, అదే ఆఖరిసారి. అది కూడా పోతే ఇక ఈ జన్మలో బండెక్కలేదు. ఆపడం నేర్చుకుందామని రాత్రిళ్ళు తమ్ముడు పోయిన ఆ గదికే వస్తోంది.

"ఆపితే వాడు పోతాడమ్మా..." అంది, నొక్కుతూనే.

మావాళ్ళకొక పద్ధతుంది. రెండు నిమిషాలకోసారి పక్కనున్నవాళ్ళు "మారదాం" అంటారు. అలసిన చేతులు తీసేసి కొత్త చేతులు పెడతారు. ఆరోజు ఇరవై రెండు నిమిషాల్లో ఆమెతో ఆ మాట అనే దిక్కు లేకపోయింది.

అమ్మాయి ఎదురుగా మోకాళ్ళ మీద కూర్చుంది.

"అక్కా... మారదాం."

ఆమె చేతులు లేచాయి. అమ్మాయి అందుకుంది. ముప్ఫై. మళ్ళీ ముప్ఫై. అక్క బొమ్మ తల దగ్గర కూర్చుని చాలాసేపు చూసింది.

"చాల్లేమ్మా, ఆపెయ్..." అంది చివరికి. "టైము రాసుకో." ప్రాణం పోయిందని తేల్చాక మావాళ్ళనే మాట అది.

అప్పుడు ఏడ్చిందట, నాలుగేళ్ళ ఏడుపు. ఈ మాట చెబుతూ బాబాయ్ కూడా కళ్ళు తుడుచుకున్నాడు.

ఆమె పాసైంది. కాగితం నా బల్ల మీదికొచ్చిన నిమిషంలోనే ముద్ర వేశాను. కార్డు తీసుకుంటూ, "మీ మేలు మరిచిపోను అన్నయ్యా," అంది.

నాలుగేళ్ళ కింద ఆమె కాగితం ఆగింది నా సొరుగులోనే. రేపు చూద్దాంలే అనుకున్నాను. అలా రోజూ అనుకున్నాను. ఈ సంగతి ఆమెకి తెలియదు. బాబాయ్‌కీ తెలియదు.

నీలం తలుపు ఇంట్లో ఇప్పుడు చప్పుడే లేదట. దెయ్యం వదిలిందిరా అని బాబాయ్ సంబరపడుతున్నాడు. నేను తలూపుతున్నాను.

దీపం ఆర్పితే చాలు, నా గదిలో మొదలవుతోంది... ఒకటి... రెండు... మూడు...

నాతో "మారదాం" అనేవాళ్ళు ఎవరూ లేరు.