వెనక వచ్చేవాళ్ళ కోసం

జనవరిలో డెమోయిన్ నగరం డౌన్‌టౌన్‌లో అయిదున్నరకే చీకటి పడిపోతుంది. ఇన్సూరెన్స్ ఆఫీసులో బల్ల సర్దేసి, చికెన్ నూడుల్స్ డబ్బా సంచీలో పెట్టుకుని మర్లిస్ బయల్దేరింది. ఆ చలికి ఎవరూ వీధిలోకి దిగరు. భవనానికీ భవనానికీ మధ్య, వీధికి పైన, అద్దాల వంతెనలున్నాయి. అలాంటివి నాలుగు దాటితే అక్క ఆర్డిస్ ఉండే వృద్ధుల అపార్ట్‌మెంట్లు వస్తాయి.

ఆర్డిస్ నిమోనియాతో చావు తప్పి, సోమవారమే ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చింది. ఇంకోసారి చలి సోకితే మా చేతుల్లో ఉండదని డాక్టర్ చెప్పేశాడు. అరవై రెండేళ్ళ మర్లిస్‌కి నా అన్నవాళ్ళు ఆ అక్క ఒక్కతే. పగలంతా ఆఫీసు, సాయంత్రం అక్క, ఇంటికెళ్ళాక వాకిట్లో మంచు ఎత్తిపోయడం. ప్రాణం ఉసూరుమంటోంది.

వంతెన మీంచి చూస్తే కింద డౌన్‌టౌన్ అంతా కనిపిస్తుంది. వాల్‌నట్ వీధిలో ఒక ఖాళీ బస్సు, ఎవరూ లేని కూడలిలో రంగులు మారుతున్న సిగ్నల్ దీపం. జనం ఇళ్ళ నుంచే పనిచేయడం మరిగాక వంతెనల పక్క కొట్లు ఒక్కొక్కటే మూతపడ్డాయి. బూట్లు బాగుచేసే అతను కొట్టు ఎత్తేశాడు, పూలావిడ వెళ్ళిపోయింది. సూప్ కొట్టు ఒక్కటే ఈగలు తోలుకుంటోందనవచ్చు గానీ, ఈ చలికి ఆ ఈగలైనా లేవు.

రెండో వంతెన దాటగానే సెక్యూరిటీ డ్వెయిన్ తాళాల గుత్తితో కూర్చుని ఉన్నాడు.

"ఇంకా వస్తున్నావా మర్లిస్? రిటైరవ్వమంటే వినవు."

"ముందు నువ్వు అవ్వు, చూద్దాం."

అతను నవ్వలేదు. "ఇదిగో, ఆ పాత బట్టల షాపు దాటాక వెనకెవరైనా వస్తుంటే తలుపు తెరిచి పట్టుకోకు. నీ దారిన నువ్వు పో."

"ఎవరొస్తారు ఇప్పుడు?"

"చూసినవాళ్ళు లేరు. తలుపు పట్టుకున్నవాళ్ళున్నారు." కళ్ళు నులుముకున్నాడు. "ఇంకేం అడక్కు నన్ను."

వెనక మనిషికి తలుపు పట్టుకోకపోవడం కన్నా మొరటుతనం ఆ ఊళ్ళో లేదు. వచ్చేవాడు అర ఫర్లాంగు దూరంలో ఉన్నా సరే, పట్టుకుని నిలబడతారు. పాపం, ఆ వచ్చేవాడు మొహమాటానికి పరుగెత్తాలి. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదంటారు. మర్లిస్‌కి అబ్బిన బుద్ధి అదే.

బట్టల షాపు మూతపడి పాతికేళ్ళయింది. దాని పక్క నడవలో సగం దీపాలు వెలగడం లేదు. తడిసిన ఉన్ని కోటు వాసన వేసింది. వెనక అడుగుల చప్పుడు. నెమ్మదిగా, ఒక కాలు ఈడుస్తున్నట్టు. ఎవరో తనలాగే అలిసిపోయిన మనిషి అనుకుంది మర్లిస్. జాలేసింది. మూడో వంతెన తలుపు తీసి, అలవాటుకొద్దీ పట్టుకుని వెనక్కి చూసింది.

నడవలో ఎవరూ లేరు.

అడుగులు మాత్రం వస్తున్నాయి... దగ్గరికి... ఇంకా దగ్గరికి... ఆగాయి. ఆ బరువైన తలుపు ఉన్నట్టుండి చేతిలో తేలికైపోయింది. వెనక మనిషి అందుకున్నప్పుడు అవుతుందే, అలా.

చెయ్యి లాగేసుకుంది. తలుపు మూసుకోలేదు.

పరుగెత్తింది. డబ్బా మోకాలికి కొట్టుకుంటోంది. నాలుగో వంతెన కూడా దాటి, అక్క వాళ్ళ భవనంలోకి దూరి, తలుపుని వీపుతో నెట్టి మూసేసింది. అవతల ఏ చప్పుడూ లేదు. తర్వాత... మెల్లగా, మర్యాదగా, మూడుసార్లు తట్టారు.

"సారీ," అని గొణిగింది మర్లిస్. ఎందుకందో ఆమెకే తెలీదు.

"ఎవరో తడుతుంటే తియ్యవేమే?"

ఆర్డిస్. చెల్లెలికి ఎదురొద్దామని వాకర్ పట్టుకుని లిఫ్టు దిగి వచ్చింది.

"వద్దక్కా... తియ్యకు..."

అప్పటికే ఆర్డిస్ గోడ మీది మీట నొక్కేసింది. వాకర్లతో నడిచేవాళ్ళ కోసం పెట్టిన మీట అది. తలుపు తనంతట తానే బార్లా తెరుచుకుంది. అవతల ఖాళీ వంతెన. చలి మాత్రం లోపలికొచ్చింది.

మర్లిస్ అక్క భుజం పట్టుకుని, దాదాపు మోసుకుంటూ, లిఫ్టులోకి తోసి ఏడో నంబరు నొక్కింది. తన వల్లే వచ్చింది ఇదంతా. అక్కకేమైనా అయితే తను బతకలేదు.

ఆర్డిస్ వాకర్‌ని కాస్త పక్కకి జరుపుకుంది, ఎవరికో చోటిస్తున్నట్టు. లిఫ్టు మూల వైపు తిరిగింది.

"మీది ఏ అంతస్తండీ?"

జవాబేదో విన్నది. తల ఊపింది.

"మనదేనటే," అంది చెల్లెలితో. "మనింటికేనట."

లిఫ్టు తలుపులు మూసుకున్నాయి. లోపల ఎంత చలంటే, ఆర్డిస్ ఊపిరి తెల్లగా పైకి లేస్తోంది. మర్లిస్ తన ఊపిరి బిగబట్టింది. మూడో అంతస్తు దాటినా వదల్లేదు.

అయినా తెల్లటి ఊపిరి రెండు చోట్ల లేస్తోంది.