నాన్నగారికి చెప్పిన అబద్ధం

తలుపు మీద రెండో తాపు!

గడియ ఊడిపోతుంది. తలుపు లోపలికి విరిగి పడుతుంది.

కీర్తి పిస్టల్ చాచి గోడౌన్‌లోకి దూకుతుంది.

ఎవరూ లేరు.

ఒలిచిన కొబ్బరికాయల గుట్ట. పీచు. మధ్యలో ఇనప కుర్చీ. కుర్చీ కాలికి నైలాన్ తాడు... కోసేసి ఉంది.

నేల మీద కప్పులో సగం తాగిన టీ. వేలు ముంచి చూస్తుంది.

ఇంకా వేడిగానే ఉంది!

"ఐదు నిమిషాలు..." పళ్ళు కొరుకుతుంది. "మళ్ళీ ఐదు నిమిషాల్లో తప్పించుకున్నాడు దొరబాబు!"

పొద్దున అమలాపురం లాడ్జి. ఇప్పుడు, మధ్యాహ్నం ఒంటిగంటకి, మామిడికుదురు గోడౌన్. రెండుచోట్లా ఖాళీ గదే.

ఆ తాడుతో కట్టేసింది దుర్గాశ్రీని. పందొమ్మిదేళ్ళ పిల్ల. దుబాయ్‌లో ఇంటిపని అని నమ్మించి, దొరబాబు ఢిల్లీ తీసుకుపోయి, ఒక మేడలో తాళం పెట్టిన పదకొండు మందిలో ఒకతె. అందులో ఒక పిల్ల మేడ మీంచి పడి చచ్చిపోయింది. తోసింది దొరబాబేనని చెప్పగలిగింది దుర్గాశ్రీ ఒక్కతే. ఎల్లుండి కోర్టు. నిన్న సాయంత్రం ఆ పిల్ల ఇక్కడి తన ఇంట్లోంచి మాయమైంది.

దొరికితే సాక్షి.

దొరక్కపోతే శవం.

కీర్తి ఢిల్లీ పోలీసులో ఎస్సై. ఈ నేల వదిలి ఏడేళ్ళు. ఇవాళ వారంటు పట్టుకుని సొంత గడ్డ మీదికే పరాయి రాష్ట్రం పోలీసులా వచ్చింది. లోకల్ స్టేషన్ ఇచ్చిన సాయం ఒక జీపు, ఒక హెడ్ కానిస్టేబుల్.

ఆ హెడ్డు వైపు గిర్రున తిరుగుతుంది. పేరు నారాయణమూర్తి.

"ఎవరికి చెప్పేరు?"

"ఆయ్?"

"ఇక్కడికొస్తున్నామని మనిద్దరికే తెలుసు. మీరే ఎవరికో చెప్పేరు. ఫోనివ్వండి!"

ఆయన ఫోన్ తీసి ఆమె చేతిలో పెడతాడు.

"చూసుకోండమ్మా. పొద్దుట్నించి ఒకటే కాలండి. మా ఆవిడ. పనసపొట్టు తెమ్మందండి."

నిజమే. ఒకటే కాల్. పదకొండు సెకన్లు.

"ముప్పై ఏళ్ళ సర్వీసండి. లంచం తిన్నానంటే పడతానండి. ఆడపిల్లని పట్టిచ్చేనంటే మాత్రం పడనండి."

కీర్తి జేబులో ఫోన్ మోగుతుంది.

నాన్నగారు.

"ఎక్కడున్నావమ్మా?"

ఏడేళ్ళుగా రోజూ ఇదే ప్రశ్న. చలిలో గస్తీ తిరుగుతున్నా, కోర్టు వరండాలో నిలబడ్డా, తండ్రి పెదబాబు ఫోన్ చేస్తాడు. ఆమె ఉన్న చోటు చెబుతుంది. అంత దూరాన కూతురు ఎక్కడుందో తెలిస్తేగాని ఆయనకి ముద్ద దిగదు. ఆమెకీ నిద్ర పట్టదు.

ఇవాళ ఎనిమిదింటికి అడిగాడు. 'అమలాపురం, నాన్నగారూ. బస్టాండు వెనక లాడ్జీకి.'

పన్నెండున్నరకి అడిగాడు. 'మామిడికుదురు...'

ఆ రెండు చోట్లూ ఆయనకీ తెలుసు!

దొరబాబు ఎవరు? నాన్నగారి సొంత అక్క కొడుకు!

"అమ్మాయ్? వినబడతందా?"

కీర్తి తొణకదు.

"రాజోలు వైపు, నాన్నగారూ. చించినాడ వంతెన మూసేస్తున్నాం. వాడు అటే వస్తాడు."

"జాగ్రత్తమ్మా."

బుద్ధెరిగాక ఆయనకి చెప్పిన మొదటి అబద్ధం.

"నారాయణమూర్తిగారూ, జీపు తియ్యండి. రావులపాలెం!"

"చించినాడ అన్నారు కదండీ?"

"అందుకే! అటు మూసేమంటే వాడు ఇటే వస్తాడు."

ఆయన ఒక్క క్షణం ఆమె ముఖం చూస్తాడు. ఫోన్ చూస్తాడు. స్టీరింగ్ పట్టుకుంటాడు.

జీపు ఉరుకుతుంది. అమలాపురం... కొత్తపేట... పుట్టినిల్లున్న వీధి మలుపు వస్తుంది. కీర్తి తల తిప్పదు.

రావులపాలెం. అరటి గెలల లారీలు బారులు తీరి ఉన్నాయి. నారాయణమూర్తి ఒకదాన్ని రోడ్డుకి అడ్డం పెట్టిస్తాడు.

"ఏంటండీ బాబూ! గెలలు ముగ్గిపోతాయండి!" డ్రైవర్ గోల.

"ముగ్గనీవోయ్. తిందాం."

పది నిమిషాలు. ఇరవై. నలభై...

తెల్ల కారు!

లారీని చూసి కీచుమని బ్రేకు. వెనక్కి గేరు... వెనక గెలల బండి!

ఇరుక్కుంది.

కీర్తి పరుగు. కారులోంచి దొరబాబు దూకుతాడు. వెనక తలుపు లాగి, దుర్గాశ్రీని జుట్టు పట్టి ఈడుస్తాడు. కత్తి ఆ పిల్ల గొంతు మీద!

"ఏం మరదలా? బావ కోసం ఢిల్లీ నుంచి పిస్టల్ తెచ్చేవా?"

"కత్తి పడెయ్!"

రెండో వైపు తలుపు తెరుచుకుంటుంది.

తెల్ల పంచె. తోలు చెప్పులు.

పెదబాబు!

నడిచి వచ్చి, పిస్టల్‌కీ దొరబాబుకీ మధ్య నిలబడతాడు.

"దించమ్మా. రాజీ కుదిర్చేను. నేను పిలిస్తేనే ఈ పిల్ల నిన్న ఇల్లు దాటింది. సాక్ష్యం చెప్పదు. అరెకరం కొబ్బరితోట రాసిస్తాను. మీ అత్త పరువూ నిలబడద్ది, మన పరువూ నిలబడద్ది."

"తాడుతో కట్టింది కూడా రాజీలోదేనా?"

"తాడేంటమ్మా?"

"చచ్చిన పిల్లకి ఎంత తోట రాస్తారు నాన్నగారూ?"

ఆయన వెనక్కి తిరుగుతాడు. దుర్గాశ్రీ మణికట్ల మీద తాడు వాతలు. మెడ మీద సన్నటి నెత్తుటి గీత.

"ఒరేయ్... చెయ్యి వెయ్యనని మాటిచ్చేవు కదరా!"

"తప్పుకో మావయ్యా!"

దొరబాబు ఆ పిల్ల జుట్టు వదిలి, ఆయన్ని ఒక్క తోపు తోస్తాడు. ముసలాయన కింద పడతాడు.

మధ్యలో ఎవరూ లేరు.

ఢాం!

దొరబాబు భుజం బద్దలవుతుంది. కత్తి ఎగిరి పడుతుంది. దుర్గాశ్రీ కేక పెట్టి నారాయణమూర్తి వెనక్కి పరుగెడుతుంది.

బతికింది!

పెదబాబు లేచి పంచె దులుపుకుంటాడు.

"పిల్ల దక్కింది. అంతే చాలు. నేను కారులో ఉన్నట్టు రాయకమ్మా."

కీర్తి పిస్టల్ ఒరలో పెట్టి, దొరబాబుకి బేడీ వేస్తుంది.

"నారాయణమూర్తిగారూ, రెండో బేడీ ఇవ్వండి."

"ఎవరికండీ?"

"రెండో ముద్దాయికి. సాక్షిని ఇంట్లోంచి తీసుకొచ్చి అప్పజెప్పినవాడికి."

"అమ్మా... వారు మీ..."

"తెలుసండీ."

పెదబాబు వెనక్కి జరుగుతాడు. "ఊరంతా వద్దన్నా నిన్ను ఢిల్లీ పంపింది నేనేనే! పోలీసుని చేసింది నేనే!"

"పంపేరు. పోలీసునయ్యేను."

బేడీ తెరుస్తుంది.

"చేతులు ముందుకు పెట్టండి."